ఫేషియల్ కుర్చీ దిగాక

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వర్ని, చందూర్, బోధన్ దారిలో పార్లర్ల ఫ్లెక్సీలు మారిపోతాయి. ఐబ్రోలు, వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్, ఫ్రూట్ పీల్, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ, ఒక రేటు. ఈ వారం ఫోన్లలో తిరిగిన అలాంటి ప్రకటన ఒకటి, పెళ్లికి ముందురోజు వచ్చే పెళ్లికూతుళ్లకు తగ్గింపు ఇస్తామంటోంది. నాకు కోపం తెప్పించింది ఆ ‘ముందురోజు’. ఫేషియల్ కుదిరిందా, బెడిసికొట్టిందా అన్నది కుర్చీలో పడుకున్న ఆ గంటలో తేలదు. అంతకు ముందు రెండు వారాలు ఆ ముఖానికి ఏం పూశారు, ఆ తర్వాత వారం రోజులు ఏం పూయకుండా ఉన్నారు అన్నదాని మీద తేలుతుంది. డబ్బులు ఆ గంటకే తీసుకుంటారు, మాటలన్నీ ఆ గంట గురించే ఉంటాయి. ముందూ వెనకా సంగతి చెప్పేవాళ్లు లేరు.

ఆ ఒక్క పూటలో ముఖానికి ఏమవుతుందో వరసగా చూడండి. మొదట దారంతో ఐబ్రోలు, పైపెదవి. దారం వెంట్రుకతో పాటు పైచర్మాన్ని కూడా కాస్త గీరుతుంది. వెంటనే బ్లీచ్. గిన్నెలో చెంచాడు క్రీము, చిటికెడు యాక్టివేటర్ పొడి కలిపి పూస్తారు. అందులోని పెరాక్సైడ్ నూగు రంగును తీసేస్తుంది, అప్పుడే దారం తగిలిన చోట చురుక్కుమంటుంది. ‘మండుతోందంటే పనిచేస్తోంది’ అని అమ్మాయికి ధైర్యం చెబుతారు. ఆ మాట తప్పు. చర్మానికి కాపలా ఉండే పొర తెరుచుకుందని ఆ మంట చెబుతోంది. దాని మీద గరుకు స్క్రబ్బు, ఆవిరి, బ్లాక్‌హెడ్స్ తీసే సూది, మసాజ్, ప్యాక్, చివరికి మాస్కు పట్టి లాగడం. ముఖం మీద మనకు అండగా ఉన్న ఆ మృతకణాల పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఒక్కసారి గీరుకుంటే తిరిగి అతుక్కోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పైచర్మం మొత్తం కొత్తగా రావడానికి దాదాపు నాలుగు వారాలు. ఒకే పూటలో ఐదారు రకాలుగా గీరిన పొరకు మర్నాటికల్లా కోలుకొమ్మని చెప్పడం అన్యాయం.

మర్నాడేమో మైలపోలు. నలుగు, పసుపు, ఎండలో పందిరి, ఆ సాయంత్రం మందంగా మేకప్. ఇందూరు జిల్లాలో పసుపు మీద మాట అంటే ఊరుకోరని తెలుసు. దేశంలో పేరున్న పసుపు మార్కెట్ మనది, జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025లో వచ్చింది కూడా నిజామాబాద్‌కే. అయినా చెప్పాలి. పసుపు పడని చర్మాలు ఉంటాయి, దద్దుర్లు లేస్తాయి. కొట్లో కొన్న పొడిలో రంగు కలిసి ఉండవచ్చు. మామూలు చర్మం దాన్ని తట్టుకుంటుంది, నిన్న బ్లీచ్ చేసిన చర్మం తట్టుకోదు. పైగా మన చర్మపు రంగుకు ఒక స్వభావం ఉంది. ఎక్కడ ఒరుసుకున్నా, కాలినా, వాచినా ఆ చోట రంగు కణాలు ఎక్కువగా పనిచేసి నల్లమచ్చ పెడతాయి. అది మానడానికి నెలలు పడుతుంది. తెలుపు కోసం వెళ్లిన అమ్మాయి నలుపు తెచ్చుకోవడం తరచుగా ఇలాగే జరుగుతుంది. చేయించుకున్నది ఎక్కువైంది, ఆగినది తక్కువైంది.

ప్యాకేజీలో ‘ఫ్రూట్ పీల్’, ‘షుగర్‌కేన్ పీల్’ అన్న మాటలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. చెరకు పేరు చెబితే మన ప్రాంతంలో ఎవరి మనసైనా మెత్తబడుతుంది. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. శక్కర్‌నగర్ కాలనీ వెలిసింది, నిజాంసాగర్ కాలువ నీళ్లతో ఊరూరా చెరకు పండింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని చెప్పుకున్నాం. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది, చెరకు మళ్లల్లోకి వరి వచ్చింది. ఆ చెరకు రసంలో కొద్ది మోతాదులో ఉండే గ్లైకోలిక్ ఆసిడ్ ఇప్పుడు పార్లర్ అలమరలో సీసాగా కూర్చుంది. ఆ సీసాలోది చెరకు నుంచి తీసిందనుకోకండి, మార్కెట్లో ఉన్నదాంట్లో చాలా భాగం రసాయన ఫ్యాక్టరీల్లో తయారైందే. అందువల్ల దానికి వచ్చిన లోపం లేదు, చెరకు బొమ్మ వేసినందువల్ల వచ్చిన గుణమూ లేదు. చూడాల్సింది రెండే రెండు అంకెలు. ఒకటి శాతం, రెండోది పీహెచ్. పీహెచ్ తగ్గేకొద్దీ అదే శాతం ద్రావణం చర్మం మీద ఎక్కువగా కొరుకుతుంది. పండ్ల ఆసిడ్లలో గ్లైకోలిక్ అణువే అన్నిటికన్నా చిన్నది, తొందరగా లోపలికి దిగుతుంది. అమెరికాలో సౌందర్య సాధనాల దినుసులను పరీక్షించే నిపుణుల బృందం ఇంట్లో వాడే వాటికి 10 శాతం, పీహెచ్ 3.5కు తగ్గకుండా అని హద్దు పెట్టింది. శిక్షణ ఉన్నవాళ్లు సెలూన్‌లో కొద్దిసేపు పూసి కడిగేసే వాటికి 30 శాతం, పీహెచ్ 3కు తగ్గకుండా. ఆ పైది డాక్టరు చేతిలోది. మన పార్లర్ సీసాల మీద శాతం కనిపిస్తుంది, పీహెచ్ చాలాసార్లు కనిపించదు. ఆ అంకె లేని సీసాను ముఖం దాకా రానివ్వకూడదని నా అభిప్రాయం.

ఈ ఆసిడ్లకూ ఎండకూ ఉన్న లంకె ఊహ కాదు, కొలిచి చూసిన విషయం. నాలుగు వారాలు గ్లైకోలిక్ పూసినవారి చర్మం అతినీలలోహిత కిరణాలకు కందిపోయే గుణం 18 శాతం పెరిగిందని అమెరికా ఎఫ్‌డీఏ ముందుకొచ్చిన పరిశోధన చెప్పింది. పూత ఆపిన వారానికి ఆ తేడా పోయింది. అంటే పీల్ తర్వాత వారం రోజులు ఎండకు దాక్కోమనడం చాదస్తం కాదు, లెక్క ఉన్న మాట. ఇందూరు ఎండ సంగతి వేరే చెప్పాలా? నడివేసవిలో 44, 45 డిగ్రీలు మనకు మామూలే. పార్లర్ నుంచి బండి మీద వెనక కూర్చుని మిట్టమధ్యాహ్నం ఊరికి పోయే అమ్మాయికి ఆ కుర్చీ దగ్గరే ఈ మాట చెప్పి పంపాలి.

‘ముందు’ సంగతికి వస్తాను. ఈ కాలమ్‌ను వదలకుండా చదివేవాళ్లకు నా పాత పోరు తెలుసు. మెడికల్ షాపు ట్యూబు. మంగుకు, మొటిమకు, తెలుపుకు, అన్నిటికీ చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ క్రీము. వారం రోజులు ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, ఎర్రని సన్న నరాలు తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది. మానేస్తే మంటెత్తి ముఖం ఎర్రబడుతుంది కనుక మళ్లీ అదే పూస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన ఆదేశం అది. కౌంటర్ దగ్గర మాత్రం చేతులు మారడం ఆగలేదు. పేరు లేని తెలుపు క్రీముల కథ ఇంకా ఘోరం. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ దెబ్బతిని వచ్చినవాళ్ల దగ్గర డాక్టర్లు చివరికి పట్టుకున్నది పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములను. ఇలాంటి ట్యూబులు వాడుతున్న ముఖం మీద పీల్ పూస్తే అది ఎంత లోతుకు పోతుందో చేసేవాళ్లకూ తెలియదు. మొటిమలకు రాత్రిపూట రాసే ట్రెటినాయిన్, అడాపలీన్ క్రీములదీ ఇదే దారి, వాటి మీద వ్యాక్స్ లాగితే తొక్క లేస్తుంది. ఐదు నుంచి ఏడు రోజుల ముందే వాటిని ఆపాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా పీల్ మాటే ఎత్తకూడదు. వ్యాక్సింగ్ మాత్రం మాత్రలు ఆపాక కూడా కొన్ని నెలలు వద్దంటారు.

కనుక లెక్క ఇలా వేసుకోవాలి. ఎప్పుడూ చేయించుకోని ఫేషియల్ మొదటిసారి పెళ్లికి నెల ముందు చేయించుకోవాలి. ఏదైనా తేడా చేస్తే సర్దుకోవడానికి ఒక చర్మచక్రం చేతిలో ఉంటుంది. చివరిది పెళ్లికి ఐదారు రోజుల ముందు, అదీ ముందు పడిన రకమే, కొత్త రకం వద్దు. బ్లీచైనా పీలైనా చెవి వెనకో మోచేతి లోపలో కొద్దిగా పూసి రెండు రోజులు చూడాలి. దారం, వ్యాక్స్, బ్లీచ్ ఒకే రోజు పెట్టుకోవద్దు. చేయించుకున్నాక మొదటి రోజు చల్లని మామూలు నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, ఇంతే. సబ్బు వద్దు, దాని క్షారం ఆ పొరను ఇంకా విడదీస్తుంది. నిమ్మరసం, బేకింగ్ సోడా, టూత్‌పేస్టు, పసుపు, సున్నిపిండి, ఏవీ వద్దు. పొయ్యి సెగకు, ఆవిరికి దూరంగా ఉండాలి. బీడీలు చుట్టే చేత్తో ముఖం తుడుచుకోవద్దు, వేళ్లకు అంటిన తంబాకు పొడి పచ్చి చర్మానికి మంచిది కాదు. మూడో రోజు, నాలుగో రోజు పొట్టు లేస్తుంది. అది దానంతట అదే రాలాలి, గోటితో లాగిన చోటే మచ్చ పడుతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది. ఎండకు కాపుగా ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున సన్‌స్క్రీన్ పూయమంటారు, అది గ్రాము పైమాటే. రోజుకు రెండుసార్లు పూస్తే 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు అయిపోతుంది. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో ఇది ఏడాది పొడవునా సాగదు. అయితే ఫేషియల్‌కు డబ్బు పెట్టగలిగినవాళ్లు ఆ ఒక్క వారానికి ఒక చిన్న ట్యూబు పెట్టగలరు, అదీ కుదరకపోతే గొడుగు, ముఖం నిండా చున్నీ, మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండటం. మిగతా జాగ్రత్తల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు, అవన్నీ చేయకుండా ఉండే పనులే. మా అమ్మమ్మలు సున్నిపిండి రుద్దుకుని బాగానే ఉన్నారు కదా అని ఇంకొందరు అంటారు. బాగానే ఉన్నారు. వాళ్ల ముఖాల మీద స్టెరాయిడ్ లేదు, ఆసిడ్ లేదు, వారానికి ఒకసారి తలంటుతో అయిపోయేది. ఆ పిండిని తెచ్చి నిన్నటి పీల్ మీద రుద్దమని వాళ్లెవరూ చెప్పలేదు.

ఇంతదూరం చదివినవాళ్లు నేను పార్లర్లను మూయించి అందరినీ డాక్టర్ల దగ్గరికి తోలమంటున్నానని అనుకుని ఉంటారు. కొన్ని పనుల విషయంలో నిజంగా అదే అంటాను. చర్మంలోకి సూది దిగే ఏ పనీ పార్లర్‌లో జరగకూడదు. అమెరికాలో న్యూమెక్సికోలోని ఒక స్పాలో రక్తంతో చేసే ఫేషియల్ వల్ల ముగ్గురు మహిళలకు హెచ్‌ఐవీ సోకినట్టు అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో వెల్లడించింది. ఒకరికి వాడిన డెర్మారోలర్ ఇంకొకరికి వాడితే ఆ ప్రమాదం మన ఊళ్లోనూ ఉంది. మామూలు ఫేషియల్ విషయంలో మాత్రం నా తీర్పు వేరు. చర్మ డాక్టరు కోసం బోధనో నిజామాబాదో బస్సెక్కాల్సిన ఊళ్లలో, ఒక ఆడమనిషి ముఖాన్ని దగ్గరగా, మంచి వెలుతురులో, గంటసేపు చూసేది ఆ పార్లర్ అమ్మాయి ఒక్కతే. పల్చబడిన బుగ్గ, తేలిన నరం, మీసంకట్టు నూగు ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆమెకే కనిపిస్తాయి. తల్లికి చెప్పని ట్యూబు పేరు ఆమెకు చెబుతారు. అలాంటి మనిషిని తప్పు పట్టి పక్కన పెడితే నష్టం మనకే. ఆమెకు నేర్పకపోవడం మన తప్పు. మహిళా ప్రాంగణాల్లో, ఆర్‌సెటీ శిక్షణ కేంద్రాల్లో బ్యూటీషియన్ కోర్సు చెబుతున్నారు. చేతిపని నేర్పినంత శ్రద్ధగా ముందు అడగాల్సిన ప్రశ్నలు కూడా నేర్పాలి. రాత్రి ఏం పూస్తున్నావమ్మా, మాత్రలేమైనా మింగుతున్నావా, కడుపుతో ఉన్నావా, పెదవి మీద పొక్కులు లేస్తుంటాయా, పెళ్లెప్పుడు? జవాబు తేడాగా ఉంటే ‘ఈ రోజు వద్దక్కా, మసాజ్ ఒక్కటి చేస్తాను’ అని వెనక్కి పంపే ధైర్యం కూడా రావాలి. అలా పంపిన పార్లర్‌కే మళ్లీ వెళ్లండి. బిల్లుతో పాటు తర్వాత వారానికి జాగ్రత్తలు రాసిన చీటీ తెలుగులో అడిగి తీసుకోండి. రాసివ్వలేని చోట ఆసిడ్ పూయించుకోవద్దు.

ఎన్ని జాగ్రత్తలు పడ్డా ఒక్కోసారి బెడిసికొడుతుంది. మంట గంటల తరబడి తగ్గకపోయినా, బొబ్బలు లేచినా, రసి కారినా, కళ్లు వాచినా తడిగుడ్డ వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మంచుగడ్డ నేరుగా పెట్టొద్దు, మెడికల్ షాపులో ట్యూబు అడగొద్దు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పార్లర్‌లో పూసిన సీసా ఫొటో, ఇంట్లో వాడుతున్న ప్రతి ట్యూబూ సంచిలో వేసుకుని వెళ్లండి.