అతుకు తెలియని పనితనం

తలుపు చేసిన వడ్రంగి పనితనం చెక్కలో కాదు, అతుకులో తెలుస్తుంది. ప్రాథమికోన్నత పాఠశాలనూ అలాగే చూడాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే అన్నీ అతుకులే. చిన్న తరగతుల్లో ఒకే టీచరు చేతికింద పెరిగిన పిల్లలు సబ్జెక్టుకో టీచరు దగ్గరికి వస్తారు. హిందీ కొత్తగా చేరుతుంది. లెక్కల్లో అంకెల మధ్యకి ఎక్స్ వచ్చి కూర్చుంటుంది.

చిట్టమూరు మండలంలో ఒక అంచున వరి పొలాలు, ఇంకో అంచున పులికాట్ నీళ్లు. మొదట నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. ఇలాంటి చోట సర్కారు బడి పొద్దున ప్రార్థనతో మొదలవుతుంది. పిల్లలు పాడే రాష్ట్రగీతం తిరుపతివాడైన శంకరంబాడి సుందరాచారిది. చేసే ప్రతిజ్ఞ 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసింది; దేశంలోని మిగతా భాషల్లోకి ఆ తర్వాతే వెళ్లింది. రోజూ చెప్పే మాట మొక్కుబడిగా మారకుండా కాపాడేది వంతు. ముందు నిలబడి చెప్పించేదీ, వార్తలు చదివేదీ పిల్లలే. గొంతు పెగలని వాళ్లకీ ఏదో ఒకరోజు ఆ వంతు వస్తుంది.

2020లో వచ్చిన జంట పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషు. పుస్తకం పక్కపక్కన పెట్టగలదు గానీ కలపలేదు. ఘర్షణ అంటే ఏమిటో తడి గట్టు మీద జారిన కాలుతో చెప్పి, ఆ తర్వాతే ఫ్రిక్షన్ అని పలికించే టీచరుది అసలైన అతుకు.

ఈ తీరానికి శ్రీహరికోట ఒక ఉచిత ప్రయోగశాల. 2023 జులై 14, శుక్రవారం మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచింది. సరిగ్గా బడి వేళ. రాకెట్టు వెలుగు ముందు కనబడుతుంది, మోత వెనక వస్తుంది. ధ్వని కిలోమీటరు దాటడానికి సుమారు 3 సెకన్లు. మధ్యలో గడిచిన సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం ఉజ్జాయింపుగా తేలుతుంది. భౌతికశాస్త్రం, భాగహారం ఒకే ఆకాశం కింద అతుక్కుంటాయి.

ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ ఉపకారవేతన పరీక్ష. 90 ప్రశ్నలు పాఠాల నుంచి, 90 ప్రశ్నలు బుద్ధి పదును చూసేవి. ఈ రెండో సగం ఏ పుస్తకంలోనూ పాఠంగా ఉండదు. టైమ్‌టేబుల్ అయ్యాక కూర్చోబెట్టి నేర్పాల్సిందే. నెగ్గిన పిల్లకి తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కూలి ఇంట్లో ఆ డబ్బు చదువుకీ పనికీ మధ్య తలుపు గడియ.

సాయంత్రం ఖోఖో. ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, ఒకరు ఇటు, పక్కవారు అటు తిరిగి. తొమ్మిదోవారు తరుముతారు. వెనక్కి తిరగకూడదు, నడుమ గీత దాటకూడదు. ఎంత చురుకైన పిల్లయినా వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ అని వినబడేదాకా లేవకూడదు. మూలన కూర్చున్న నెమ్మదైన పిల్లకీ ఆ చెయ్యి అందకపోతే జట్టు ఓడుతుంది. పొద్దున ప్రార్థనలో వంతు నేర్పిన పాఠమే ఇది. ఇక్కడ దానికి దుమ్ము అంటింది, అంతే.