మూడు లోయలు, రెండు కనుమలు, ఒక సైకిలు

ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ నడుమ గోడలా నిలిచిన పిరెనీస్ కొండల్లో ఆరో అనే చిన్న ఊరుంది. రెండు లోయల నీళ్లు అక్కడ కలుస్తాయి. పలకరాయి కప్పుల ఇళ్లు, ఇరుకు వీధులు, కర్రను నిప్పుల సెగకు తిప్పుతూ దానిమీద జారు పిండి పోసి పొరలు పొరలుగా కాల్చే కేకు ఆ ఊరి గుర్తులు. వేసవి ఉదయాల్లో ఈ ఊరి వీధుల్లో సైకిళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ మొదలైన దారి అస్పెన్ కనుమ ఎక్కి, కాంపాన్ లోయలోకి దిగి, మళ్లీ తూర్మాలే కనుమ ఎక్కి, లూజ్ లోయలో ఆగుతుంది. మూడు లోయలు, రెండు కనుమలు, ఒక్క పగలు. కొండదారుల్లో సైకిలు తొక్కడమనే సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఈ రోడ్లు వేసింది సైకిళ్ల కోసం కాదు. పిరెనీస్‌లో వేడినీటి బుగ్గలున్న ఊళ్లను ఒకదానితో ఒకటి కలపాలని 19వ శతాబ్దంలో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఓ దారి వేయించాడు. గుర్రబ్బండి ఎక్కగలగాలి కాబట్టి వాలు ఒక హద్దు దాటకుండా కొండను చుట్టి చుట్టి తీశారు. ఆ గుర్రాల పుణ్యమే నేటి సైకిలు యాత్రికుడు అనుభవిస్తున్నాడు.

తూర్మాలే ఎత్తు 2,115 మీటర్లు. తూర్పున సెంత్ మారీ ద కాంపాన్ అనే ఊరి నుంచి 17 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కాలి, అంతలో ఎత్తు 1,268 మీటర్లు పెరుగుతుంది. తెలుగువారికి తెలిసిన పోలిక చెప్పాలంటే, తిరుమల మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు. దూరం దాదాపు అంతే, ఎక్కే ఎత్తు మాత్రం రెట్టింపుకు దగ్గర.

1910లో టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని ఈ కొండల మీదుగా నడపాలన్న ఆలోచన పాత్రికేయుడు అల్ఫోన్స్ స్తెనేస్‌ది. దారి చూసి రమ్మని నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ అతన్ని పంపాడు. కారు మంచులో ఆగిపోయింది. స్తెనేస్ చీకట్లో మంచులో కాలినడకన కనుమ దాటి, దారితప్పి, అర్ధరాత్రి దాటాక అవతలి వైపున్న బారేజ్ అనే ఊరు చేరాడు. చేరి దెగ్రాంజ్‌కు పంపిన తంతిలో మాత్రం, తూర్మాలే దాటాను, రోడ్డు భేషుగ్గా ఉంది అన్నాడు. ఆ అబద్ధంతోనే ఓ గొప్ప సంప్రదాయం మొదలైంది. 1910 జూలై 21న పందెం లూషోన్ ఊరి నుంచి బయోన్ నగరం దాకా 326 కిలోమీటర్లు, నాలుగు పెద్ద కనుమలు. ఒక్తావ్ లాపీజ్ కాసేపు తొక్కుతూ, కాసేపు సైకిలు నడిపించుకుంటూ తూర్మాలేను అందరికన్నా ముందు దాటాడు. దిగకుండా తొక్కుతూనే ఎక్కిన గుస్తావ్ గార్రిగూకు 100 ఫ్రాంకుల బహుమానం దక్కింది. ఆనాటి పందెమూ, ఆ ఏటి టూరూ లాపీజ్‌వే. ఏడేళ్ల తర్వాత అతను మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడుపుతూ చనిపోయాడు. కనుమ మీద ఇప్పుడు అతని లోహ విగ్రహం ఉంది.

అప్పటి సైకిళ్లకు గేర్లు మార్చే ఏర్పాటు లేదు. వెనక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు పళ్ల బిళ్లలు ఉండేవి. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. పైకి చేరాక మళ్లీ అదే పని. గేర్లు 45 ఏళ్లు దాటినవారికే అని దెగ్రాంజ్ 1902లో రాశాడు. చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే డిరెయిలర్‌ను టూర్‌లో 1937 దాకా అనుమతించలేదు. మరోవైపు సెంతెతియెన్ పట్టణంలో వెలోసియో అనే కలంపేరున్న పాల్ ద వివీ గేర్ల కోసం జీవితమంతా వాదించాడు. ఆకలి కాకముందే తిను, దాహం వేయకముందే తాగు, గొప్ప చూపించుకోవడానికి తొక్కకు అన్నది అతని బోధల సారం. పందెగాళ్ల చరిత్ర దెగ్రాంజ్‌ది కావచ్చు, కొండదారుల్లో మామూలు మనుషులు ఇవాళ తొక్కుతున్నది మాత్రం వెలోసియో దారిలోనే.

గేరు చేసే మేలు లెక్కలో తేలిగ్గా తెలుస్తుంది. మనిషి, సైకిలు, సామాను కలిపి 80 కిలోలు అనుకుందాం. గంటన్నరలో సెంత్ మారీ నుంచి పైకి చేరాలంటే, బరువును పైకెత్తడానికే ఎడతెగకుండా 180 వాట్లకు పైగా శక్తి కావాలి. వేగం గంటకు పదకొండున్నర కిలోమీటర్లు. ముందు చైన్‌వీల్‌కు 34 పళ్లు, వెనక ఫ్రీవీల్‌లో పెద్ద చక్రానికి 32 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు రెండుంబావు మీటర్లు కదులుతుంది. నిమిషానికి 85 చుట్లు తిప్పితే ఆ వేగం వచ్చేస్తుంది. ఒక్కో తొక్కుడులో భారం తక్కువ, చుట్లు ఎక్కువ. కండరం అలసట నుంచి తప్పించుకుని ఊపిరి మీద బతుకుతుంది. వెనక చక్రానికి పళ్లు తక్కువైతే అదే పనికి మోకాళ్లు మూల్యం చెల్లిస్తాయి.

ఈ కొండ కొత్తవారిని మోసం చేసేది మొదటి నాలుగైదు కిలోమీటర్లలో. వాలు తక్కువ, పక్కన గడ్డిమైదానాలు, ఏరు. కాళ్లలో ఉత్సాహం పొంగుతుంది. అక్కడ బలం దాచుకోనివాడు లా మోంజీ అనే ఊరికి ముందు వచ్చే ఎనిమిది, పది శాతం వాలులో నీరుగారిపోతాడు. శాతం అంటే నూరు మీటర్ల దూరానికి అన్ని మీటర్ల ఎత్తు. ప్రతి కిలోమీటరుకూ రోడ్డు పక్కన ఓ పలక ఉంటుంది: శిఖరం ఇంకెంత దూరం, రాబోయే కిలోమీటరు సగటు వాలు ఎంత. తెలిసినవారు ఆ పలకను చూసి ముందే గేరు తగ్గిస్తారు. మెలిక మలుపుల్లో లోపలి అంచు నిటారుగా, బయటి అంచు చదునుగా ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే బయటి అంచు పట్టుకుంటే నాలుగు ఊపిర్లు కలిసివస్తాయి.

దిగడం వేరే విద్య. చెమటతో తడిసిన ఒంటికి 2,000 మీటర్ల ఎత్తున గాలి తగిలితే చేతివేళ్లు కొయ్యబారి బ్రేకు అందదు. పూర్వం పందెగాళ్లు పైన నిలబడ్డవాళ్ల దగ్గర వార్తాపత్రిక అడిగి తీసుకుని చొక్కా లోపల గుండెకు అడ్డం పెట్టుకునేవారు. ఇప్పుడు మడిస్తే గుప్పిట్లో పట్టే గాలికోట్లు వచ్చాయి. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలి. బయటి పెడల్ కిందికి దించి బరువంతా దానిమీద మోపాలి. చూపు చక్రం మీద కాకుండా మలుపు చివర ఉండాలి. పైగా ఇక్కడ ఆవులూ గొర్రెలూ రోడ్డు మీదే సేదతీరుతాయి. వేసవంతా కొండ వాటిదే.

ఊళ్లు లేకపోతే ఈ దారులు లేవు. ఊట నీళ్ల తొట్టి దగ్గర సీసా నింపుకోవాలి, తాగరాదన్న బోర్డు ఉందేమో చూసుకోవాలి. రొట్టెల కొట్లు చాలా ఊళ్లలో మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి ఉదయమే జేబులు నింపుకోవాలి. సాయంత్రం బీన్సు, క్యాబేజీ వేసి కాచిన గార్బ్యూర్ అనే చిక్కటి పులుసు ఆకలిగొన్న సైకిలిస్టుకు పండగే.

ఊరి విలువ పందెగాడు యూజీన్ క్రిస్తోఫ్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1913 టూర్‌లో తూర్మాలే దిగుతుండగా అతని సైకిలు ముందు ఫోర్క్ విరిగింది. నిబంధనల ప్రకారం బయటి సాయం తీసుకోకూడదు. సైకిలు భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సెంత్ మారీలో కమ్మరి కొలిమి వెతుక్కున్నాడు. పోటీ అధికారులు చూస్తుండగా తన చేతులతోనే ఇనుము కాల్చి అతికాడు. గంటలు గడిచిపోయాయి. ఒక కుర్రాడు తిత్తి ఊదాడని శిక్షగా పది నిమిషాలు కలిపి, తర్వాత మూడుకు తగ్గించారు. గెలిచే అవకాశం పోయింది, అయినా అతను పారిస్ దాకా తొక్కాడు. 1919లో టూర్‌లో పందెంలో ముందున్నవారికిచ్చే పసుపు చొక్కాను మొట్టమొదట వేసుకున్నదీ అతనే.

టూర్ చరిత్రలో 80 సార్లకు పైగా తూర్మాలేను దాటారు. 2023 జూలైలో మహిళల టూర్ దట్టమైన పొగమంచులో ఇక్కడ ముగింపు గీత చేరుకుంది, డెమీ వోలరింగ్ ఒంటరిగా గెలిచింది. పందేలు చూసేందుకు బాగుంటాయి. కానీ ఈ దారి నిజంగా తెలిసేది నెమ్మదిగా తొక్కేవారికే. అస్పెన్ దిగాక వచ్చే పయోల్ దగ్గర ఫిర్ చెట్ల వాసన, రోడ్డు మీద పడుకున్న ఆవు లేచేదాకా ఆగిన రెండు నిమిషాలు గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో అందవు.

వెళ్లదలచినవారు జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపు చూసుకోవాలి, మిగతా కాలంలో చాలావరకు మంచు కప్పి కనుమ మూసేస్తారు. ఉదయం ఏడింటికల్లా ఆరో వదలండి. సెంత్ మారీలో క్రిస్తోఫ్ పేరున్న ఫలకం దగ్గర ఆగి, నీళ్లు తాగి, ఆ తర్వాతే పెడల్ మీద కాలు పెట్టండి.