ఫైనల్ ఫాంటసీ 16వ భాగమునందలి కర్తృత్వ విచారము

కావ్యమును జదువువాఁడు పాత్రల వెంట నడచును. నాటకమును జూచువాఁడు పాత్రల యెదుటఁ గూర్చుండును. పాత్రధారణము ప్రధానముగాఁ గల వీడియోగేమునం దాడువాఁడో, పాత్రను దానే నడపించును. కావున నిట్టి కృతిని విమర్శించునపుడు వస్తువు, నేత, రసము అను మూఁటితోఁ దృప్తిపడఁ దగదు. అందలి క్రియకుఁ గర్త యెవఁడని కూడ నడుగవలయును. జపానుదేశపు స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2023 జూన్ 22న ప్లేస్టేషన్ 5 యంత్రమునకై వెలువరించిన ఫైనల్ ఫాంటసీ 16వ భాగము ఈ ప్రశ్నమునే తన కథకు మూలముగాఁ జేసికొన్నది. సమాధానము మాత్రము కథయం దొకరీతిగను, ఆటయందు మఱియొకరీతిగను గలదు.

మొదట నీ కృతి యా వరుసలోనిదే కాదను పూర్వపక్షమును బరిశీలింప వలసియున్నది. హిరోనొబు సకగుచి నేతృత్వమున 1987 డిసెంబరు 18న ఫామికాం యంత్రమునకై వెలువడిన మొదటి భాగమునందు ఆడువాఁడు నలుగురు యోధులకు వంతుల చొప్పున నాజ్ఞల నిచ్చుచుండును. 16వ భాగమున వంతులు లేవు. తోడివారు తమంతఁ దాము పోరాడుదురు. ఆడువాఁడు క్లైవ్ రాస్‌ఫీల్డ్ అను నొక్కనినే, క్షణక్షణమును మీటలు నొక్కుచు నడపవలయును. ఇంత మాఱినదానికిఁ బాతపేరు తగదని పలువురి యాక్షేపణ.

ఈ యాక్షేపణకు వైయాకరణుల పాతచర్చయే సమాధాన మీయఁగలదు. పదమునకు ద్రవ్యమే యర్థమని వ్యాడి మతము; ఆకృతియే యర్థమని వాజప్యాయనుని మతము. ఈ వరుసలో ముఖ్యభాగములకు లోకములు వేఱు, కథలు వేఱు, పాత్రలు వేఱు. కావున నిందు వ్యాడి మతము నవలంబించినచో 16వ భాగమే కాదు, రెండవ భాగము కూడ నా పేరునకుఁ దగదు. వాజప్యాయనుని వెంటఁ బోయి యనేక వ్యక్తులయం దనుగతమైన లక్షణమును వెదకినచో, వంతుల యాట యట్టి లక్షణము కాఁజాలదు. 2016 నాఁటి 15వ భాగమే దానిని విడిచినది. పలుభాగముల యందుఁ గానవచ్చునవి స్ఫటికములు, సిడ్ అను పేరుగల యొక పురుషుఁడు, ఇఫ్రిత్, శివ, ఓడిన్, బహముత్ మొదలగు మహాసత్త్వములు. ఇవి యన్నియు 16వ భాగమునఁ గలవు.

ఈ నామములలో రెండు మన పండితులను దప్పక నిలుపును. గరుడ యిందు వాయుసత్త్వము, స్త్రీరూపము. శివ హిమసత్త్వము, అదియు స్త్రీయే. శివ శబ్దమునకు స్త్రీత్వవివక్షయందు టాప్ ప్రత్యయము చేరి శివా యగును. అది పార్వతికి నామము. కాని యా నామమునకు మంచుతో సంబంధము లేదు. అరబ్బుల కథలలో భూమిని మోయు మహామత్స్యమైన బహముత్ ఇందు ఱెక్కలుగల మహాసర్పమైనది. ఈ నామములు పురాణార్థమును విడిచి సంకేతముచేతనే నిలిచినవి. కావున వీనియందుఁ బురాణౌచిత్యమును వెదకుట నిష్ఫలము.

ఇఁక వస్తువు. వలిస్థియా యను లోకమున మంత్రశక్తితోఁ బుట్టినవారి చెక్కిలిపై ముద్రవేసి బానిసలుగా వాడుకొందురు. మంత్రము వాడినకొలఁది వారి శరీరము శిలయగును. ఫీనిక్స్ సత్త్వమును ధరించిన తమ్ముఁడు జాషువాను గాపాడవలసిన క్లైవు పదునేనవ యేఁట సర్వము గోల్పోయి యట్టి ముద్రనే మోయును. పదుమూఁడేండ్లకు సిడ్ వానికి విముక్తి మార్గమును జూపును. అతఁడు మరణింపఁగాఁ గ్లైవా పేరును దాను ధరించును. తుదకు అల్టిమా యను శత్రువు బయల్పడును. మానవులను సృజించినవాఁ డతఁడే; క్లైవుని శరీరము తన ప్రయోజనమునకుఁ బాత్రముగా నుండవలయుననియు, మానవుని యిచ్ఛ దోషమనియు వాని వాదము.

క్రియయందు స్వతంత్రుఁడే కర్త యని పాణిని చెప్పెను. ప్రేరేపించు వానికి హేతు వను పేరును గూడ నిచ్చెను. ప్రయోజ్యుఁడు ప్రేరేపింపఁబడియుఁ దన వ్యాపారమునందుఁ గర్తయే. కరణ మట్లు కాదు. అల్టిమా క్లైవుని గరణముగాఁ దలఁచెను. తాను గర్త నని క్లైవు నిరూపించుటయే యీ కథ. అట్లయినచో నిట్టి కథను జెప్పు కృతి తన్నాడువానిని బ్రయోజ్యునిగాఁ జూచినదా, కరణముగాఁ జూచినదా యనునదే యసలు పరీక్ష.

యుద్ధములయం దీ పరీక్షకుఁ గృతి నిలిచినది. డెవిల్ మే క్రై 5వ భాగమునకుఁ బని చేసిన ర్యోటా సుజుకి తీర్చిన పోరాటమిది. సంపాదించిన సత్త్వములలో మూఁటిని, ఒక్కొక్కదానికి రెండేసి విద్యలను ఎన్నుకొనుట యాడువాని పని. ఒకే శత్రువును ఇద్దఱు రెండు రీతులఁ జయింతురు. నేర్పు చాలనివారికై యైదు సహాయభూషణములు కలవు. వానిని దాల్చుటయు మానుటయు వారి యిచ్ఛయే. కథ నడుచుచుండఁగా నాఁపి యప్పటి వ్యక్తులను, దేశములను గూర్చి చదువుకొనుటకు టీకవంటి యేర్పాటును గలదు.

వీనికంటె నుత్తమమైనది ఫీనిక్స్ ద్వారమను కోటలోని ఘట్టము. అందు ఆడువాఁడు ఫీనిక్స్ రూపముననున్న తమ్మునిగా నెవరో తెలియని యగ్నిసత్త్వముతోఁ బోరాడును. ఆ సత్త్వము తమ్ముని జీల్చివేయును. అది తానే యని క్లైవునకుఁ జాలకాలమునకుఁ దెలియును. తమ్ముఁడు బ్రతికియున్న మాట యప్పటికిఁ దెలియదు. దెబ్బలు తిన్నవానిగా మొదట నాడినవాఁడు, కొట్టినవానిగా నా నేరమును దరువాత నంగీకరింప వలసివచ్చును. ఇది కేవల శ్రవ్యమునఁ గాని దృశ్యమునఁ గాని సాధ్యము కాని కరుణము.

యుద్ధము విడిచి త్రోవపట్టినపుడు కృతి యోడినది. మరుగుచోటున నున్నవారికి భోజన మందించుట మొదలగు చిల్లరపను లనేకములు. స్వతంత్రుఁడైన నాయకుఁ డన్నము వడ్డించుటలో దోషము లేదు. అది యతని స్వభావమునకుఁ దగినదే. దోష మేమన, ఆ పనులలో నాడువాఁడు నిర్ణయింపవలసిన దేమియు లేదు. గుర్తు చూపినచోటికిఁ బోవుట, చెప్పినది చేయుట, మరలివచ్చుట. ముద్రపడినవారిని విడిపించు కథలోఁ గూడ ఎవరి నెట్లు విడిపింపవలయునను విచారము వాని చేతికి రాదు. ఇచ్చట నతఁడు ప్రయోజ్యుఁడు కాఁడు, కరణమే. పైగా అల్టిమా ప్రవేశముతో బానిసత్వ సమస్య వెనుకఁబడినది. శివ సత్త్వమును ధరించిన జిల్ పాత్రయు నటులే సన్నగిల్లినది.

ముగింపున మంత్రశక్తి నశించును. సముద్రతీరమునఁ గ్లైవుని చేయి శిల యగుచుండును. తరువాతి కాలమున మంత్రము లేని యొక యింట జాషువా పేరుగల గ్రంథము కనఁబడును. దాని పేరు ఫైనల్ ఫాంటసీ. ఇన్ని భాగములయందు రూఢిమాత్రముగా నున్న పేరునకుఁ గడపటి కల్పన యను నవయవార్థ మిచ్చట సిద్ధించినది. పేరు తగదను పూర్వపక్షమునకు దీనికంటె సమాధానము వలదు. ఇఁక మిగిలినది యొక్కటే. క్లైవునకు లభించిన స్వాతంత్ర్యమును యుద్ధభూమియందే కాక త్రోవయందును ఆడువానికిఁ బంచియిచ్చియుండినచో నీ కృతి తాను జెప్పిన ధర్మమును దానే యాచరించినదై యుండును.