వాడిన చిప్పు

నా మొదటి ఉద్యోగంలో నా పని కుదించడం. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియో. పక్క సీట్లోని మిత్రుడు ఆకు ఈనెలు కూడా కనబడేలా మర్రిచెట్టు వేసేవాడు. దాన్ని ప్లేస్టేషన్ 2లో పట్టేంత చిన్నది చేసి, అయినా చూసినవాళ్లు మర్రిచెట్టనే అనుకునేలా మిగల్చడం నా వంతు. ఆ మెషీన్‌కున్న మెయిన్ మెమరీ 32 ఎంబీ. బొమ్మలు గీసే చిప్పుకు 4 ఎంబీ. అప్పటికే అది మార్కెట్లోకి వచ్చి ఎనిమిదేళ్లు. "కాలం చెల్లిన డబ్బా కోసం ఈ తంటాలెందుకురా?" అని స్నేహితులు అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మొన్న ఆదివారం మా మేనకోడలు అదే మాట వేరే మెషీన్ గురించి అంది. వాళ్ల పెదనాన్న డాలస్ నుంచి తెచ్చిన నింటెండో స్విచ్ చేతిలో ఉంది. 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో కొరాక్ అడవిలోకి అడుగుపెట్టింది. అక్కడ చెట్లెక్కువ, వెలుగునీడలెక్కువ. నడక తడబడుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. "ఇందులో ఉన్నది 2015 నాటి చిప్పట మామయ్యా" అంది విసుగ్గా. నిజమే. ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1ను ప్రకటించింది 2015 జనవరిలో. స్విచ్ దుకాణాల్లోకి వచ్చింది 2017 మార్చిలో. పుట్టిననాటికే ఆ చిప్పుకు రెండేళ్లు నిండాయి.

ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. పాత కథ ఒకటి మొదలుపెట్టాను.

గున్‌పెయ్ యొకోయ్ అనే ఆయన 1965లో నింటెండోలో చేరి, పేకముక్కలు తయారుచేసే యంత్రాల బాగోగులు చూసేవాడు. తీరిక వేళ సరదాకి చేసుకున్న ఒక వస్తువు, చాపితే పొడవయ్యే కత్తెర లాంటి చెయ్యి, 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో బొమ్మగా అమ్ముడైంది. తర్వాత కాలిక్యులేటర్ల తెరలు చవకబడ్డాక 1980లో వాటితోనే 'గేమ్ అండ్ వాచ్' చేశాడు. చవకబడిన పాత సాంకేతికతను కొత్త పనికి వాడే ఈ పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరులో 'కరెత' అనే జపనీస్ మాట ఉంది. వాడిపోయిన, ఎండిన అని అర్థం. అక్కడి ఇంజినీర్ల నోట మాత్రం లోపాలన్నీ బయటపడి కుదురుకున్నదని అర్థం. తెలుగులో మనకు ఒక్క మాట చాలు: వాడినది. పువ్వుకూ చెల్లుతుంది, పనిముట్టుకూ చెల్లుతుంది. వడ్రంగులు పచ్చి కలపతో తలుపు చేయరు, ఆరాకే చేస్తారు. పచ్చిది రేపు వంకర తిరుగుతుంది.

1989లో ఆయన బృందం తెచ్చిన గేమ్ బాయ్‌కి రంగులే లేవు. పాచిరంగు తెర మీద నాలుగు ఛాయలు, లోపల వెలుగు కూడా లేదు. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చాయి. వాటిలో ఆరేసి పెన్సిల్ సెల్స్ వేసినా ఆట నాలుగైదు గంటలకు మించేది కాదు. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. బస్సులో, బడి మెట్ల మీద ఆడుకునే పిల్లవాడికి ఏ లెక్క ముఖ్యం? తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

అందుకే చిప్పు పుట్టినతేదీ చూపించి తిట్టడాన్ని నేను విమర్శగా లెక్కపెట్టను. అది ఆడేవాడి చేతికి ఏం తక్కువ చేసిందో చెప్పాలి. కొరాక్ అడవి గురించి మా మేనకోడలు చెప్పింది ఆ మాటే, కాబట్టి అది న్యాయమైన ఫిర్యాదు. అయితే తప్పు ఎప్పుడూ చిప్పుదేనా? 2022 నవంబరులో వచ్చిన 'పోకెమాన్ స్కార్లెట్', 'వయలెట్' ఆటలు ఎంత తడబడ్డాయంటే నింటెండో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆరు నెలలకు అదే చిప్పు మీద జెల్డా వరసలోని తర్వాతి ఆట 'టియర్స్ ఆఫ్ ద కింగ్డమ్' వచ్చింది. అందులో దుంగకు చక్రం అతికించి బండి కట్టొచ్చు, పలకకు ఫ్యాన్ తగిలించి ఎగరొచ్చు. ఆ శక్తికి పెట్టిన పేరు అల్ట్రాహ్యాండ్. ఆ పేరు చూసి నాకు కళ్లు చెమర్చాయి. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చాక అదే పోకెమాన్ సాఫీగా సాగింది కనుక చిప్పుకు ఏ పాపమూ లేదనను. కానీ కుదించే పని చేసినవాడిగా నా అనుభవం ఒకటుంది. గడువు చాలనప్పుడు నేను కుదించిన చెట్లు చెట్లలా ఉండేవి కావు. అప్పుడూ మెషీన్ అదే, 4 ఎంబీలూ అవే.

పాత మెషీన్ చేసే మేలు ఇంకొకటుంది. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. పూర్తిగా భారత్‌లోనే రూపొందిన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. ప్లేస్టేషన్ 3 వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది, అయినా చేసింది ప్లేస్టేషన్ 2 కోసం. 2000లో అమెరికాలో 299 డాలర్లున్న ఆ మెషీన్ 2009లో 99కి దిగింది. అందరికీ అలవాటైన యంత్రం, అందుబాటు ధర. కొత్తగా చేయి తిరుగుతున్న బృందానికి అంతకన్నా మంచి బడి దొరకదు.

ఇదంతా చెప్పాను. మేనకోడలు ఆట ఆపి శ్రద్ధగానే విన్నది. తర్వాత ఫోన్‌లో ఏదో వెతికింది.

"చిప్పు వాడితే వస్తువు చవకవ్వాలి, అంతేగా నువ్వు చెప్పేది?"

"అంతే."

"స్విచ్ 2017లో 300 డాలర్లు. ఎనిమిదేళ్లూ అంతే ఉంచారు. 2025 ఆగస్టులో అమెరికాలో 340 చేశారు. మరి ఇదేంటి మామయ్యా?"

మార్కెట్ పరిస్థితులని కంపెనీ చెప్పిన కారణం చెప్పాను. తను ఒప్పుకోలేదు. నేనూ ఇంకేం వాదించలేదు.