కానుక మీద పురుగు బొమ్మ

గృహప్రవేశానికి పిలిస్తే పురుగుల బొమ్మలున్న కప్పుల సెట్టు పట్టుకెళ్లే ధైర్యం మీకుందా? "శుభమా అని పిలిస్తే ఇదేం కానుకమ్మా!" అని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకోరూ? అయినా పాతకాలపు శాస్త్ర గ్రంథాల్లోని పురుగుల బొమ్మలు ఇప్పుడు కప్పుల మీదా, దిండు గలేబుల మీదా, క్యాలెండర్ల మీదా దర్జాగా వచ్చి కూర్చున్నాయి. చెట్ల రసం పీల్చి బతికే పురుగులకూ వాటిలో చోటు దక్కింది.

ఇలాంటి బొమ్మల్లో బాగా పేరున్నవి మరియా సిబిల్లా మెరియన్ వేసినవి. జర్మనీలో పుట్టిన ఈవిడ (1647–1717) ఆడపిల్లలకు బొమ్మలు వేయడం, కుట్టుపని నేర్పేది. తొలి పుస్తకంలో ఆవిడ వేసిన పువ్వులు ఎంబ్రాయిడరీకి నమూనాలుగా పనికొచ్చాయి. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడెక్కింది. అక్కడి పురుగుల బొమ్మల పుస్తకం 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. అందులో దానిమ్మ కొమ్మ బొమ్మ ఒకటుంది. ఎర్రని పువ్వూ, దాని చుట్టూ లాంతరు పురుగూ, ఎండాకాలం చెవులు గింగుర్లెత్తేలా అరిచే సికాడా! రెండూ రసం పీల్చేవే. లాంతరు పురుగు తల చీకట్లో వెలుగుతుందని ఆవిడ రాసింది. అది నిజం కాదని తర్వాత తేలింది. ఆ మాట అలా ఉంచితే, ఆవిడ పద్ధతి మాత్రం గొప్పది. పురుగును మొక్క నుంచి విడదీయదు. పిల్లపురుగు నుంచి రెక్కలొచ్చేదాకా దశలన్నీ ఒకే పుటలో చూపిస్తుంది.

కానుకలు చేసేవాళ్లేమో కత్తెర పట్టుకుని కొమ్మను తీసేసి, రెక్కలున్న అందగత్తెను ఒక్కదాన్నే అతికిస్తారు. నా పేచీ అక్కడే.

మన నల్లగొండ, పాలమూరు పత్తి చేలలోకి రండి. ఆకు వెనక పేనుబంక గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. ఆకు ముడుచుకుంటుంది, జిగురు కారుతుంది, దాని మీద నల్లటి మసి పడుతుంది. ఆ పేనుబంకను తినిపెట్టేది అక్షింతల పురుగు. ఎర్రని వీపు, నల్లని చుక్కలు, చూస్తే ముద్దొస్తుంది. పాప గౌను మీద ఉండేది అదే. కానీ దాని పిల్లపురుగు ముళ్ల ముళ్లగా, చిన్న మొసలిలా ఉంటుంది. తల్లిని మాత్రమే బొమ్మలో చూసినవాళ్లు బిడ్డను చూసి, "ఇదేదో పాడు పురుగు" అని మందు కొట్టేస్తే? చేలో కాపలా కాసేది పోయి, పేనుబంక మిగులుతుంది. బొమ్మలో సగం చెప్తే చేలో జరిగే నష్టం ఇదన్నమాట.

మన నేతల మీద మామిడి పిందెలున్నాయి, నెమళ్లున్నాయి. కొల్లాపూర్ తోటల్లో మామిడి పూత రసం పీల్చే పురుగుకు మాత్రం చోటు లేదు. దాని పేరు తేనెమంచు పురుగు. ఏ కవో పెట్టినట్టు లేదూ? అలాగని పోచంపల్లి నేతగాళ్లను తప్పుపట్టను. దారాన్ని ముందు ముడివేసి రంగులో ముంచి తర్వాత నేస్తారు కనుక బొమ్మ అంచు కాస్త మసకబారుతుంది. అదే ఆ నేత అందం. తేలియా రుమాళ్ల మీద విమానాలూ గడియారాలూ కూడా ఎగరేశారు, మోగించారు గానీ, వెంట్రుకంత సన్నని పురుగు కాలు అందులో కుదరదు. ఆ పని సూదికీ, కుంచెకూ తగినది.

ఇంకో సంగతి. లక్కగాజులు పెట్టి పంపని పండగ ఉందా మనకి? హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు కొమ్మలకు అతుక్కుని రసం పీల్చే చిన్న పురుగు ఒంటిమీద కప్పుకునే జిగురే అది. పురుగు బొమ్మంటే ముఖం చిట్లించేవాళ్లం, పురుగు కష్టాన్ని మాత్రం చేతినిండా తొడుక్కుంటున్నాం.

కాబట్టి కొనేటప్పుడు ఒక్కసారి తిప్పి చూడండి. పురుగుతోపాటు ఆకూ, ఆకు వెనక పిల్లపురుగూ ఉంటే నిస్సంకోచంగా కొనండి. ఒట్టి రెక్కలే ఉంటే, నెమలి బొమ్మే నయం.