నమలలేని నోటికి ఉప్పూ పులుపూ

పన్ను తీయించుకున్న మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్లు ఐస్‌క్రీమో, జ్యూసో పట్టుకొస్తారు. మొదటి పూట హాయిగానే ఉంటుంది. మర్నాటికి ఆ తీపంతా వెగటు పుట్టి, నాలుక ఉప్పు కోసం అలమటిస్తుంది. జ్ఞానదంతం ఆపరేషనయ్యాక మా అక్క జ్యూసు గ్లాసు పక్కకు నెట్టేసి, "పప్పూ నెయ్యీ వాసనొచ్చేది ఏదైనా పెట్టవే, ఈ తీపి ఇక నావల్ల కాదు" అంది. బుగ్గ వాచి మాట ముద్దగా వస్తున్నా, ఆ కోరిక మాత్రం తేటగా అర్థమైంది. అప్పటినుంచీ నోటికి ఆపరేషనైన వాళ్లకు వండిపెట్టడం నా దృష్టిలో విడిగా నేర్చుకోవలసిన పని.

డాక్టరు చీటీలో 'మెత్తని ఆహారం, కారం వద్దు' అని ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని 'రుచి వద్దు' అని చదువుకుంటారు. ఉడికించిన అన్నాన్ని నీళ్లతో రుబ్బి గిన్నెలో పోసి ముందు పెడతారు. రోగి రెండు చెంచాలు మింగి చాలంటాడు. గాయం మానడానికి మాంసకృత్తులు కావలసిన రోజుల్లోనే కడుపు మాడుతుంది. నమలడం ఆగిపోయిందంటే రుచి కూడా ఆగిపోవాలా? అక్కర్లేదని నా నమ్మకం.

అయితే మన వంటకు ఇక్కడో చిక్కుంది. మన రుచి సగం పోపులోనే ఉంటుంది. ఆ పోపు గింజలే గాయానికి పడవు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి లోపలి ఎముకను కప్పి ఉంచుతుంది. ఆ గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి, రెండు మూడు రోజుల తర్వాత చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. స్ట్రాతో పీల్చొద్దనీ, మొదటిరోజు గట్టిగా పుక్కిలించి ఉమ్మొద్దనీ, పొగలుకక్కే వేడి పదార్థం తాగొద్దనీ, సిగరెట్ ముట్టొద్దనీ డాక్టర్లు చెప్పేది అందుకే. ఆవగింజలు, నువ్వులు, ఉప్మారవ్వ లాంటివి ఆ గుంటలో చేరితే తీయడం కష్టం.

కాబట్టి నేను పోపును వడకడతాను. చిన్న మూకుడులో నెయ్యి కాచి జీలకర్ర, రెండు రెబ్బల కరివేపాకు, చిటికెడు ఇంగువ వేస్తాను. ఆవాలూ ఎండుమిర్చీ జోలికి పోను. కరివేపాకు చిటపటలు తగ్గి, జీలకర్ర ఎర్రబడగానే మూకుడు దించేస్తాను. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడు చేదు నేతికి పట్టుకుంటుంది. టీ వడకట్టే స్టీలు జాలిలోంచి వంచితే గింజలూ ఆకులూ పైనే ఆగిపోతాయి. కిందికి దిగిన నేతిలో పోపు కమ్మదనమంతా ఉంటుంది. ఈ నెయ్యి చెంచాడు పడితే చాలు, ఎంత మెత్తటి వంటకైనా మన ఇంటి వాసన వచ్చేస్తుంది.

దీనికి నప్పే మొదటి వంట పెసరకట్టు. పెసరపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, పసుపు వేసి, పలుకు లేకుండా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వంచాలి. ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లారాక వడకట్టిన పోపు వేయాలి. మత్తు పూర్తిగా వదిలాకే చెంచాతో పట్టాలి. పెదవీ నాలుకా మొద్దుబారి ఉన్నప్పుడు తింటే తెలియకుండానే కొరుక్కుంటారు.

తర్వాతిది మజ్జిగ కలిపిన రాగిజావ. పిండిని ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, పచ్చివాసన పోయేదాకా తిప్పుతూ ఉండాలి. చల్లారాక పులవని పెరుగు చిలికిన మజ్జిగ, ఉప్పు కలపాలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఎండాకాలం పొలానికి వెళ్లేవాళ్లను నిలబెట్టిన అంబలి ఇలాంటిదే.

రెండు మూడు రోజులు గడిచి మంట తగ్గాక పులుపు మెల్లగా తేవచ్చు. గింజ తీసిన లేత సొరకాయ పెసరపప్పుతో ఉడికించి మెదిపి, ఒక పండిన టమాటా రసం వడకట్టి పోస్తే నోరు లేచివస్తుంది. గిలకొట్టిన గుడ్డులో పాలు, ఉప్పు కలిపి ఆవిరి మీద ఉడికిస్తే నాలుకతో అదిమినా కరిగిపోతుంది. మాంసం తినే ఇళ్లలో ధనియాలు, అల్లం వేసి సన్నటి సెగ మీద మరిగించిన ఎముకల సూపును బట్టలో వడకట్టి, పైన తేలిన కొవ్వు తీసి ఇవ్వొచ్చు. ఆ తర్వాత మెత్తగా పిసికిన పెరుగన్నం, చారులో నానిన ఇడ్లీ. మొదటి 24 గంటలు దాటాక, తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని నెమ్మదిగా అటూ ఇటూ వంచి వదిలేయాలి.

ఇది జిహ్వచాపల్యం కాదు. మన ఇళ్లలో పళ్లు తీయించుకునే పెద్దవాళ్లలో షుగరున్న వాళ్లెందరో. వాళ్లకు ఐస్‌క్రీమూ జ్యూసూ చేటే, రక్తంలో చక్కెర పెరిగితే గాయం మానడం ఆలస్యమవుతుంది. దవడ ఎముక విరిగి తీగలతో బిగించినవారు నాలుగు నుంచి ఆరు వారాలు ద్రవాహారంతోనే గడపాలి. నోటి క్యాన్సర్‌కు ఆపరేషనైన వారికి అది నెలలకు నెలలు కూడా సాగుతుంది. వాళ్ల ఆహారం డాక్టరూ డైటీషియనూ చెప్పినట్టే నడవాలి. కానీ ఆ చెప్పిన దానిలోనే ఉప్పూ పులుపూ సరిచూసి తినబుద్ధయ్యేలా చేయడం వండేవాళ్ల బాధ్యత. అన్ని వారాలు చప్పిడి మీద నెట్టుకురమ్మంటే ఎవరైనా తిండి తగ్గించేస్తారు, బరువు కోల్పోతారు.

అందుకే ఆపరేషన్ తేదీ ఖాయమైన ఇంట్లోవాళ్లకు నేను చెప్పేదొకటే. ముందురోజే పెసరపప్పు వేయించి, రాగిపిండి జల్లించి, నెయ్యి కాచి పెట్టుకోండి. నోరు కదలని మనిషిని ఏం తినాలనుందో అడగండి, కాగితం మీదైనా రాయించుకోండి. ఆకలిని తీర్చడంతో పని సగమే అవుతుంది. తనకిష్టమైన రుచి తనకు అందినప్పుడే ఆ మనిషి రెండో గిన్నె అడుగుతాడు, త్వరగా కోలుకుంటాడు.