పాఠరచనా పరిశోధన – రెండు లిపుల విద్యార్థి

ఉపకరణ మెంత నూతనమైనను, అందలి పాఠము ఎవరి కొఱకు రచింపబడినదను ప్రశ్నకు సమాధానము లేనిచో బోధన ఫలింపదు. విద్యాసాంకేతికమును, పాఠరచనను పరిశోధించువారు ఈ సూత్రము నెఱుగనివారు కారు. అయినను వేలూరు, గుడియాత్తం ప్రాంతముల తెలుగు పిల్లల విషయమున అది ఆచరణకు వచ్చినట్లు కనబడదు. ఆ లోపమును చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ చర్చ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర పాఠశాల భారమును వహించిన ఆండ్రూ బెల్, దేశీయుల బడిపిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి ఆ పద్ధతిని గ్రహించెను. పెద్ద విద్యార్థులచే చిన్నవారికి పాఠము చెప్పించి, తన ప్రయోగమును 1797లో లండనులో ప్రకటించెను. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తెలుగు, కన్నడ బడులపై వ్రాసిన నివేదికలో ఇట్టి బోధనావిధానమును మెచ్చుకొనెను. కాని పాఠ్యగ్రంథముల భాష వాడుకభాషకు దూరమై, పిల్లలు అర్థ మెఱుగక వల్లించుచున్నారని ఆక్షేపించెను. పద్ధతి మేలైనదే, పాఠము మాత్రము పిల్లవానికి పరాయిది. ఆ విమర్శ నేటికిని చెల్లుచున్నది.

తరువాత సాధనములు పెరిగినవి. 1975 ఆగస్టు మొదలు ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల గ్రామములకు బోధన ప్రసారములు జరిగినవి. వానిలో తెలుగు కార్యక్రమములును గలవు. 2017లో కేంద్రప్రభుత్వము దీక్షా వేదికను నెలకొల్పెను. ఇవన్నియు పాఠమును చేరవేయుటలో సాధించిన విజయములు. ఐతే 1965లో రాబర్ట్ గాన్యే అభ్యసన నియమములను వివరించుచు, క్రొత్త విషయము విద్యార్థికి ముందే వచ్చినదానిపై నిలువవలెనని నొక్కి చెప్పెను. మన పిల్లవానికి ముందే వచ్చినదేమి?

2006 నాటి తమిళనాడు చట్టము ననుసరించి ఒకటవ తరగతి నుండి తమిళము నిర్బంధ విషయమైనది. ఏటికొక తరగతి చొప్పున అది పదవ తరగతి వరకు విస్తరించినది. మాతృభాష ఐచ్ఛిక విషయముగా నిలిచినది. కావున ఇచ్చటి తెలుగు పిల్లవాడు రెండు లిపులను ఏకకాలమున మోయుచున్నాడు. తమిళమున హల్లులు 18 మాత్రమే. క, ఖ, గ, ఘ లన్నిటికిని ఒకే అక్షరము. అందుచే వాడు 'గాలి' యని స్పష్టముగా పలికియు 'కాలి' యని వ్రాయును. జంటహల్లు వచ్చినచో తమిళమున మొదటి అక్షరముపై చుక్క నుంచి, రెండవదానిని ప్రక్కనే వ్రాయుదురు. తెలుగున రెండవది ఒత్తుగా మాఱును. కనుక 'అమ్మ' అను మాటను వాడు మకారపు పొల్లుతో, ప్రక్కన మఱియొక మకారముతో వ్రాయును.

కోస్తా జిల్లాల బాలుని దృష్టిలో నుంచుకొని సిద్ధపఱచిన పాఠమునకు ఈ తప్పులు తెలియవు. అవి అశ్రద్ధగా లెక్కింపబడును; శిక్ష పదిమార్లు వ్రాయుట. వాస్తవమున పిల్లవాడు వేఱొక లిపి నియమమును నిష్ఠతో పాటించుచున్నాడు. పాఠరచయిత ఇది గ్రహించినచో 'కుడి–గుడి', 'పాట–బాట' వంటి జంటలను తొలుతనే యెదురెదురుగా నిలుపును. మహాప్రాణములను కొంత ఆలస్యముగా బోధించును. ఒత్తుల రూపములకు ప్రత్యేకాభ్యాసము కల్పించును. మాటను వినిపించి వ్రాయించు యంత్రము అప్పుడు నిజముగా ఉపయోగపడును.

పిల్లలు కొద్దిమంది, వ్యయ మధికమని కొందఱనవచ్చును. అచ్చు గ్రంథమునకు ఆ వాదము కొంత చెల్లును. కాని నేటి సాధనములలో ఒకసారి సిద్ధమైన పాఠమునకు వేయి ప్రతులు తీసినను వ్యయము పెరుగదు. హోసూరు, కృష్ణగిరి పిల్లలకును అదే యక్కఱకు వచ్చును. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల సంఖ్యను లెక్కింపలేదు. ముందు వారి భాషను తాము నేర్చి, పిదప వారి పిల్లలకు వాచకములు వ్రాసిరి. మన పరిశోధకులును ప్రయోగశాలకు పోకముందు వేలూరు, గుడియాత్తం పిల్లల వ్రాతపుస్తకములను తెఱచి, వారి తప్పులను వర్గీకరింపవలెను. పిల్లవాడు ఐచ్ఛిక విషయమును విడుచుటకు పది ఎఱ్ఱ గీతలు చాలును. విడిచినవాడు మఱల వచ్చుట అరుదు.